పదార్థ విజ్ఞాన సింపోజియాలు: పరిశోధక విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్నలు

అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) గడువులు దగ్గర పడగానే ఏటా అవే సందేహాలు మళ్లీ వస్తాయి. లోహాలు, సిరామిక్స్, పౌడర్ మెటలర్జీ, త్రీడీ ప్రింటింగ్ మీద పనిచేసే ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం వాటిని దశల వారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదవొచ్చు.

## ఎక్కడికి పంపాలి

కాన్ఫరెన్స్ అంటారు, సింపోజియం అంటారు. నేను దేనికి పంపుతున్నట్టు?

పెద్ద సమావేశాన్ని జాతర అనుకుంటే, సింపోజియం అందులో ఒక వీధి. బోస్టన్‌లో ఏటా నవంబరు చివర లేదా డిసెంబరు మొదట్లో మొదలయ్యే ఎంఆర్‌ఎస్ (అమెరికాలోని మెటీరియల్స్ రీసెర్చ్ సొసైటీ) ఫాల్ మీటింగ్‌లో పదుల కొద్దీ సింపోజియాలు పక్కపక్క గదుల్లో ఒకేసారి నడుస్తాయి. ఒక్కోదానికి వేరే నిర్వాహకులు ఉంటారు. మీ అబ్‌స్ట్రాక్ట్ చదివేదీ, ఉపన్యాసమా పోస్టరా అని తేల్చేదీ వాళ్లే. కాబట్టి సమావేశం పేరు కంటే సింపోజియం ఎంపికే ముఖ్యం.

మొదటిసారి వెళ్తున్నాను. ఏది మంచిది?

మా ఓటు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్స్ వార్షిక సాంకేతిక సమావేశానికి. 1946లో పుట్టిన సంస్థ ఇది. సాధారణంగా నవంబరులో ఈ సమావేశం జరుగుతుంది. ఉక్కు కర్మాగారాల ఇంజినీర్లు, ఐఐటీ ఆచార్యులతో పాటు హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), ఏఆర్‌సీఐ (పౌడర్ మెటలర్జీ పరిశోధన కేంద్రం), మిధానీ (ప్రత్యేక మిశ్రలోహాల కర్మాగారం) లాంటి చోట్ల పనిచేసేవాళ్లూ వస్తారు. ఫర్నేస్ నడిపే మనిషి అడిగే ప్రశ్న జర్నల్ రివ్యూలో దొరకదు. మీ పని క్రియాత్మక పదార్థాల వైపు, అంటే బ్యాటరీలు, సెన్సర్లు, పలుచని పొరల వైపు ఉంటే, 1989లో సి.ఎన్.ఆర్. రావు చొరవతో మొదలైన మెటీరియల్స్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా సమావేశం నప్పుతుంది. విదేశాల్లో ప్రాసెసింగ్, నిర్మాణ లోహాలకు టీఎంఎస్ (అమెరికాలోని ఖనిజాలు, లోహాలు, పదార్థాల సొసైటీ) వార్షిక సమావేశం, థర్మెక్ సదస్సు. క్రియాత్మక పదార్థాలకు ఎంఆర్‌ఎస్, యూరప్‌లో ఈ-ఎంఆర్‌ఎస్.

అబ్‌స్ట్రాక్ట్ ఎన్ని నెలల ముందు పంపాలి?

విదేశాలకైతే ఐదు నుంచి ఎనిమిది నెలల ముందు. ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో జరిగే టీఎంఎస్‌కు అంతకుముందు జులైలోనే గడువు ముగుస్తుంటుంది. ఎంఆర్‌ఎస్ ఫాల్‌కు సాధారణంగా జూన్‌లో. మన దేశంలో గడువు పొడిగించడం అలవాటే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పొడిగింపులో వచ్చినవి ఎక్కువగా పోస్టర్ల వైపే వెళ్తాయి.

నా పని రెండు సింపోజియాలకూ సరిపోతుంది. రెండింటికీ పంపొచ్చా?

ఒకే అబ్‌స్ట్రాక్ట్ రెండు చోట్ల పెడితే దొరికిపోతారు, రెండూ పోవచ్చు. ఒకటే ఎంచుకోండి. మీ రిఫరెన్స్ జాబితా ముందు పెట్టుకుని, రెండు సింపోజియాల గత సంవత్సరపు కార్యక్రమాలు తెరవండి. మీరు ఉటంకించినవాళ్ల పేర్లు ఎక్కడ ఎక్కువ కనిపిస్తే అక్కడికి పంపండి. ఉదాహరణకు ప్రింట్ చేసిన నికెల్ మిశ్రలోహంలో పగుళ్లను మెషిన్ లెర్నింగ్‌తో అంచనా వేశారనుకుందాం. పగులు ఎందుకొచ్చిందో చెప్పగలిగితే అది సాలిడిఫికేషన్ (కరిగిన లోహం గడ్డకట్టడం) సింపోజియం పని. మోడల్ ఎంత బాగా పనిచేసిందన్నదే అసలు ఫలితమైతే డేటా సింపోజియం పని.

"ఎస్టీమ్డ్ సైంటిస్ట్, మీ పేపర్ చూసి ముగ్ధులమయ్యాం, వక్తగా రండి" అని మెయిల్ వచ్చింది. వెళ్లాలా?

వద్దు. వక్తగా పిలిచి, వందల డాలర్ల రుసుము మిమ్మల్నే కట్టమంటే అది పిలుపు కాదు, బేరం. మెటీరియల్స్, నర్సింగ్, దంతవైద్యం సదస్సులు ఒకే వెబ్‌సైట్‌లో ఉండటం, వేదిక హోటల్ పేరు చివరిదాకా చెప్పకపోవడం, నిర్వాహకుల సొంత పేజీల్లో ఆ సదస్సు ఊసే లేకపోవడం గుర్తులు. ఇది మన గడప దాకా వచ్చిన వ్యవహారమే. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లు, సదస్సులు నడిపిన ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. అనుమానం ఉంటే కమిటీలో పేరున్న ఒకరికి నేరుగా మెయిల్ రాయండి. తన పేరు అక్కడ ఉన్నట్టు ఆయనకే తెలియకపోవచ్చు.

పీహెచ్‌డీకి రెండు కాన్ఫరెన్స్ పేపర్లు తప్పనిసరా?

యూజీసీ 2016 నిబంధనల్లో ఒక జర్నల్ పేపర్, రెండు సదస్సు సమర్పణలు అడిగేవారు. 2022 నిబంధనల్లో ఆ షరతు లేదు. కానీ విశ్వవిద్యాలయాలు సొంత నియమం పెట్టుకోవచ్చు, చాలా చోట్ల పెట్టుకున్నాయి కూడా. మీరు చేరిన సంవత్సరపు ఆర్డినెన్స్ కాపీ పీహెచ్‌డీ సెక్షన్‌లో అడిగి తీసుకోండి. సీనియర్ చెప్పిన మాట వేరే బ్యాచ్‌ది కావచ్చు.

## అబ్‌స్ట్రాక్ట్

ఫలితాలు సగమే వచ్చాయి. "మిగతావి సదస్సులో చర్చిస్తాం" అని రాయొచ్చా?

అబ్‌స్ట్రాక్ట్ పక్కకు పోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. సగం ఫలితాలుంటే ఆ సగానికే అబ్‌స్ట్రాక్ట్ రాయండి. ఆరు కంపోజిషన్లు అనుకుని రెండే కరిగించారా? రెండింటి గురించే రాయండి. సదస్సు నాటికి మూడోది వస్తే స్లైడ్‌లో చేర్చుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. రాసినది చూపించలేకపోతేనే మాట పోతుంది.

200 పదాల్లో ఏం పెట్టాలి?

సమస్యకు రెండు వాక్యాలు చాలు. "ఇటీవలి కాలంలో విశేష ఆదరణ పొందుతున్న" అనే తరహా ముందుమాట అక్కర్లేదు, అక్కడ కూర్చున్నవాళ్లంతా ఆ రంగం వాళ్లే. మూడో వాక్యంలో పదార్థం, అది వచ్చిన దారి: ఎలా కరిగించారు, ఎంత ఉష్ణోగ్రత, ఎంతసేపు, ఎలా చల్లార్చారు. తర్వాత ముఖ్య ఫలితం అంకెతో, దాని హెచ్చుతగ్గులతో (±) సహా. చివర కారణం. "బలం గణనీయంగా పెరిగింది" అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు. "ఈల్డ్ స్ట్రెంగ్త్ 310 నుంచి 420 మెగాపాస్కల్‌కు పెరిగింది, ఎలాంగేషన్ 24 నుంచి 15 శాతానికి తగ్గింది" అన్న నమూనాలో రాయండి. తగ్గినదాన్ని కూడా చెప్పిన అబ్‌స్ట్రాక్ట్‌ను నిర్వాహకులు ఎక్కువ నమ్ముతారు.

"6 శాతం అల్యూమినియం" అని రాస్తే చాలదా? బరువు శాతం, పరమాణు శాతం అని చెప్పాలా?

చెప్పాలి. విమానాల్లో వాడే టైటానియం-6 అల్యూమినియం-4 వనేడియంలో ఆ అంకెలు బరువు శాతాలు. పరమాణువుల లెక్కలో అల్యూమినియం సుమారు 10.2 శాతం అవుతుంది. హై ఎంట్రోపీ మిశ్రలోహాల (చాలా మూలకాలను దాదాపు సమానంగా కలిపినవి) వాళ్లు మాత్రం అలవాటుగా పరమాణు శాతంలోనే మాట్లాడతారు. కోబాల్ట్, క్రోమియం, ఇనుము, మాంగనీస్, నికెల్ సమానంగా ఉండే క్యాంటర్ మిశ్రలోహంలో ఒక్కోటి 20 పరమాణు శాతం. రోలింగ్ (రోలర్ల మధ్య నొక్కి పలచన చేయడం) దగ్గరా ఇదే చిక్కు. మందం 50 శాతం తగ్గించామంటే ట్రూ స్ట్రెయిన్ (సంవర్గమానంతో లెక్కించే వికృతి) 0.69, 0.5 కాదు.

లేజర్‌తో లోహపు పౌడర్ కరిగించే త్రీడీ ప్రింటింగ్ పనికి ఎనర్జీ డెన్సిటీ ఒక్కటి ఇస్తే సరిపోతుందా?

సరిపోదు. లేజర్ పవర్‌ను వేగం, హ్యాచ్ దూరం (పక్కపక్క లేజర్ గీతల మధ్య ఎడం), పొర మందాల లబ్ధంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. 200 వాట్లు, సెకనుకు 800 మిల్లీమీటర్లు, 0.1 మి.మీ. హ్యాచ్, 0.03 మి.మీ. పొర అయితే ఘన మిల్లీమీటరుకు 83 జౌళ్లు. ఇప్పుడు పవర్‌నూ వేగాన్నీ రెండింతలు చేయండి: 400 వాట్లు, 1600 మిల్లీమీటర్లు. అంకె మారదు. కానీ కరిగిన మడుగు లోతు, ఆకారం, చల్లారే వేగం మారిపోతాయి. ఒకచోట దట్టంగా వచ్చిన లోహం మరోచోట కీహోల్ రంధ్రాలతో (లేజర్ మరీ లోతుకు దిగినచోట మిగిలే బుడగలు) రావచ్చు. అందుకే నాలుగు విలువలూ విడివిడిగా ఇచ్చి, వాటితో పాటు లేజర్ స్పాట్ వ్యాసం, పౌడర్ సైజు శ్రేణి, స్కాన్ తీరు, బేస్ ప్లేట్ వేడి చెప్పండి. టైటానియం అయితే ఆక్సిజన్ శాతం కూడా. గ్రేడ్ 5కు (పైన చెప్పిన టైటానియం మిశ్రలోహమే) పరిమితి 0.20 బరువు శాతం, దాని మరింత శుద్ధమైన రూపం గ్రేడ్ 23కు 0.13. పౌడర్‌ను ఎన్నిసార్లు మళ్లీ వాడారని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.

పేటెంట్ వేసే ఆలోచన ఉంది. అబ్‌స్ట్రాక్ట్ పంపితే నష్టమా?

అబ్‌స్ట్రాక్ట్ వెబ్‌లో పెట్టిన రోజే అది బహిరంగమైనట్టు. మన పేటెంట్ చట్టం 31వ సెక్షన్‌లో, ఆవిష్కర్త స్వయంగా విద్వత్ సంఘం ముందు చదివిన పేపర్‌కు 12 నెలల వెసులుబాటు ఉంది. అమెరికాలోనూ ఏడాది ఉంది. యూరప్‌లో మాత్రం మీరు మీ ఇష్టంతో సదస్సులో చెప్పినదానికి అలాంటి దయ లేదు, కొత్తదనం పోయినట్టే. పంపే ముందే ప్రొవిజనల్ అప్లికేషన్ వేయండి. పూర్తి వివరణ ఇవ్వడానికి ఆ తేదీ నుంచి 12 నెలల సమయం ఉంటుంది.

మా ప్రాజెక్టుకు రక్షణ శాఖ నిధులు. గైడ్ "పంపెయ్" అన్నారు. చాలా?

చాలదు. నిధులిచ్చిన ల్యాబ్ నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. దానికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు కంపోజిషన్ అంకెలు తీసేయమంటారు. గడువుకు రెండు నెలల ముందే ఫైలు కదిలించండి.

పాత ఉక్కు, ప్రాచీన లోహాల మీద పని ఇలాంటి చోట చెల్లుతుందా?

బాగా చెల్లుతుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు (మట్టి మూసలో, అంటే క్రూసిబుల్‌లో కరిగించిన ఉక్కు) పేరుమోసిన ఊరు, పర్షియా వర్తకులు అక్కడికొచ్చి కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కుకు ఇంగ్లిష్‌లో వాడే ఊట్జ్ అనే మాటకు మూలం కన్నడ, తెలుగుల్లోని ఉక్కు అనే మాటేనని ఎక్కువమంది చెబుతారు. అయితే గర్వం ఒక స్లైడ్ మించకూడదు. మూస ముక్కలు, చిట్టెం (స్లాగ్), కార్బన్ శాతం, సిమెంటైట్ పట్టీల సూక్ష్మచిత్రాలు, శాంపిల్ సరిగ్గా ఎక్కడ దొరికింది అన్నవి ఉంటేనే పేపర్. తవ్వకాల్లో దొరికినదాన్ని కోసే ముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి.

## డబ్బు, వీసా

ప్రయాణానికి డబ్బు ఎవరిస్తారు?

మొదట మీ సంస్థ కంటింజెన్సీ, ప్రాజెక్టు ట్రావెల్ హెడ్ చూడండి. విదేశీ సదస్సులకు కేంద్ర పరిశోధన సంస్థలైన ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పాత సెర్బ్), సీఎస్‌ఐఆర్ ఇచ్చే ప్రయాణ సాయాలకు ప్రయత్నించవచ్చు. పోస్టర్‌కు కూడా వర్తిస్తుందో లేదో ఆ ఏడాది ప్రకటనలో చదవండి. ఆమోదపత్రంలో మీ పేరు ప్రెజెంటర్‌గా ఉండాలి, లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. సొసైటీలు విద్యార్థులకిచ్చే రుసుము రాయితీకి గడువు వేరుగా, ముందుగా ఉంటుంది.

టికెట్ చౌకగా ఉన్న యాప్‌లో కొన్నాను. బిల్లు పాస్ అవుతుందా?

కేంద్ర ప్రభుత్వ సొమ్మయితే కష్టమే. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ద్వారానే కొనాలన్న నిబంధన ఉంది. ఎంత ఆదా చేశారన్నది ఆడిట్‌కు పట్టదు. బోర్డింగ్ పాసులు పారేయకండి.

అమెరికా వీసాకు మెటీరియల్స్ వాళ్లకు ఆలస్యమవుతుందంటారు. నిజమా?

అవుతుండవచ్చు. సదస్సుకు వెళ్లేవాళ్లు తీసుకునేది బీ1 వీసా. సున్నితమైన సాంకేతికతల జాబితాలో అధునాతన పదార్థాలు ఉండటంతో, ఇంటర్వ్యూ తర్వాత 221(జీ) చీటీ ఇచ్చి అదనపు పరిశీలనకు పంపుతుంటారు. ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. సీవీ, పేపర్ల జాబితా, పని గురించి మామూలు మాటల్లో ఒక పేజీ, గైడ్ ఉత్తరం, ఆహ్వానం, ఖర్చెవరిదో తెలిపే కాగితం ఇంటర్వ్యూకే తీసుకెళ్లండి. ఆ ఒక్క పేజీలో "స్ట్రాటజిక్" లాంటి మాటలు చల్లకండి. వంటపాత్రల పూత గురించి పనిచేస్తుంటే వంటపాత్రలనే రాయండి.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లాలి. షెన్‌గెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసాకు దరఖాస్తు ఎప్పుడు వేయాలి?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు, 15 రోజుల లోపైతే తీసుకోరు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని, ఆమోదం రాగానే మొదలుపెట్టండి.

చూపించడానికి శాంపిళ్లు, పౌడర్ పట్టుకెళ్లొచ్చా?

పాలిష్ చేసిన చిన్న ముక్క ఒకటి చాలు, అదీ ఏమిటో తెలిపే ఉత్తరంతో. అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం పౌడర్లు మండే పదార్థాలు, విమానంలోకి తీసుకెళ్లకూడదు. తెల్లని సిరామిక్ పౌడర్ సీసాతో సెక్యూరిటీ దగ్గర నిలబడితే ఏమవుతుందో ఊహించుకోండి.

## పోస్టర్, స్లైడ్లు

పోస్టర్ ఏ సైజు? ఫ్లెక్సీనా, కాగితమా?

ఎక్కువ చోట్ల ఏ0, నిలువుగా: 84.1 × 118.9 సెం.మీ. కానీ బోర్డు కొలత చూడకుండా ముద్రించకండి. ఫ్లెక్సీ అంచులు చుట్టుకుపోతాయి, చవకగా మెరుస్తుంది కూడా. గుడ్డ మీద ముద్రిస్తే మడిచి చేతి సంచిలో వేసుకోవచ్చు. 1280 పిక్సెళ్ల ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) బొమ్మను అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 11 సెం.మీ. వెడల్పు దాకానే పెంచగలరు. ఆపైన మసకబారుతుంది.

సూక్ష్మచిత్రాల మీద "5000 ఎక్స్" అని ఉంది కదా, స్కేల్ బార్ ఎందుకు?

బొమ్మను సాగదీసిన క్షణమే ఆ 5000 అబద్ధమవుతుంది. స్కేల్ బార్ బొమ్మతో పాటే సాగుతుంది. మిషన్ ముద్రించిన చిన్న బార్ వెనక వరుసలో కనబడదు, దాని మీదే మందంగా కొత్తది గీయండి. ఈబీఎస్‌డీ మ్యాప్ (స్ఫటికాల దిశలను రంగుల్లో చూపే బొమ్మ) అయితే రంగుల త్రికోణం, అది ఏ దిశకు చెందింది (రోలింగ్ దిశా, నిర్మాణ దిశా), స్టెప్ సైజు ఉండాలి. ఆ దిశ చెప్పని మ్యాప్ అందమైన బొమ్మ మాత్రమే.

15 నిమిషాలకు ఎన్ని స్లైడ్లు?

12 నిమిషాలు మాట, 3 నిమిషాలు ప్రశ్నలు. పది స్లైడ్లు చాలు. "అవుట్‌లైన్" స్లైడ్ తీసేయండి. ఆ చోట ప్రాసెసింగ్ అంతా ఒక్క గీతగా, ఉష్ణోగ్రత-సమయం బొమ్మలో పెట్టండి. సభికులు ఫోటో తీసుకునేది దాన్నే. ఫాంట్ 24కు తగ్గొద్దు. ఎరుపు-ఆకుపచ్చ గీతలను రంగుతోనే కాక గుర్తులతోనూ వేరు చేయండి.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) నుంచి గ్రెయిన్ సైజు 25 నానోమీటర్లు వచ్చింది. అదే చూపించనా?

ఎక్స్‌ఆర్‌డీ శిఖరం వెడల్పు నుంచి లెక్కగట్టే షెరర్ సూత్రం ఇచ్చేది క్రిస్టలైట్ పరిమాణం, గ్రెయిన్ కాదు. పైగా బాల్ మిల్లింగ్ చేసిన పౌడర్‌లో స్ట్రెయిన్ కూడా శిఖరాన్ని వెడల్పు చేస్తుంది, పరికరమూ కొంత చేస్తుంది. సిలికాన్ లేదా లాంథనమ్ హెక్సాబోరైడ్ ప్రమాణంతో పరికరపు వాటా తీసేశారా, స్ట్రెయిన్‌ను విడదీశారా అన్నదే మొదటి ప్రశ్నగా వస్తుంది. టీఈఎం (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) బొమ్మ ఒక్కటైనా పక్కన పెడితే వాదన నిలుస్తుంది.

## ఆ రోజు

ఎలాంటి ప్రశ్నలు అడుగుతారు?

అడిగేవి ఎప్పుడూ దాదాపు ఇవే. ఎన్ని శాంపిళ్లు? ఎర్రర్ బార్ అంటే ప్రామాణిక విచలనమా, ఇంకోటా? స్ట్రెయిన్ రేటు, గేజ్ పొడవు ఎంత? హార్డ్‌నెస్ పరీక్షలో లోడ్ ఎంత, నొక్కిన గుర్తుల మధ్య దూరం సరిపోయిందా? (విక్కర్స్ పరీక్షలో ఆ దూరం గుర్తు కర్ణానికి ఉక్కులో కనీసం మూడు రెట్లు, తేలిక లోహాల్లో ఆరు రెట్లు.) స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ (గ్రాఫైట్ డైలో విద్యుత్తుతో వేడిచేసి పౌడర్‌ను గట్టి ముక్కగా చేయడం) అయితే "900 డిగ్రీలు ఎక్కడ కొలిచారు?" అన్నది ఖాయం. పైరోమీటర్ చూసేది గ్రాఫైట్ డై గోడను, లోపలి శాంపిల్ అంతకంటే పదుల డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండొచ్చు. గ్రాఫైట్ నుంచి కార్బన్ లోపలికి పోయిందా అన్నది దాని తమ్ముడు. ఈ జవాబులన్నీ చివరి స్లైడ్ తర్వాత దాచిన స్లైడ్లలో పెట్టుకోండి.

జవాబు తెలియకపోతే?

"అది కొలవలేదు" అనండి. వీలైతే ఎలా కొలవొచ్చో ఒక్క వాక్యం. అప్పటికప్పుడు అల్లిన వివరణను ఆ రంగంలో ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి రెండో ప్రశ్నతో విప్పేస్తారు.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్‌లో తడబడతానేమో?

మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠస్థం చేయండి. మధ్యలో బొమ్మలే నడిపిస్తాయి. అంకెలు, యూనిట్లు, మూలకాల పేర్లు పైకి చదివి సాధన చేయండి, నాలుక చిక్కుకునేది అక్కడే. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. రెండోసారీ అర్థం కాకపోతే సెషన్ చైర్ వైపు చూడండి, వాళ్లే వేరే మాటల్లో చెబుతారు. హాలులో సగం మందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. యాసను ఎవరూ లెక్కపెట్టరు, వేగాన్ని మాత్రం భరించలేరు.

పోస్టర్ దగ్గర ఎవరూ రావడం లేదు. ఏం చేయాలి?

ఫోన్ జేబులో పెట్టి, పోస్టర్ పక్కన నిలబడండి, ముందు కాదు. ఎవరైనా ఆగితే మొత్తం అప్పజెప్పకుండా "మీరు దేని మీద పనిచేస్తారు?" అని అడిగి, వాళ్లకు పనికొచ్చే బొమ్మ దగ్గర మొదలుపెట్టండి. భోజనాల వేళకు ముందే ఇద్దరు ముగ్గురిని మీరే పిలవండి.

## తిరిగొచ్చాక

ప్రొసీడింగ్స్‌లో (సదస్సు పేపర్ల సంకలనం) వేయాలా, జర్నల్‌కు దాచుకోవాలా?

ఫలితం బలమైనదైతే జర్నల్‌కే. ప్రొసీడింగ్స్‌లో వచ్చిన బొమ్మలు, పట్టికలు అలాగే జర్నల్‌కు పంపితే సారూప్యత పరీక్షలో చిక్కుతారు. కాపీరైట్ కూడా ప్రచురణకర్తదై ఉండొచ్చు. ఒక మధ్యేమార్గం ఉంది: ప్రాసెసింగ్ వివరాలు, తొలి లక్షణాలు ప్రొసీడింగ్స్‌కు, ఎందుకలా జరిగిందన్న వివరణ, లోతైన సూక్ష్మదర్శిని పని జర్నల్‌కు, మొదటిదాన్ని ఉటంకిస్తూ. "స్కోపస్‌లో (పరిశోధన పత్రాల సూచీ) ఉంది" అన్న బ్రోచర్ మాట నమ్మకుండా, స్కోపస్ సోర్స్ జాబితాలో ఆ శీర్షిక ఇప్పుడూ కొనసాగుతోందో లేదో చూడండి.

సర్టిఫికెట్‌లో "పార్టిసిపేటెడ్" అనే ఉంది. ఫర్వాలేదా?

పీహెచ్‌డీ ఫైలుకు "ప్రెజెంటెడ్" అని, పేపర్ శీర్షికతో ఉండాలి. వేదిక దగ్గరే మార్పించుకోండి. సచివాలయం మూతపడ్డాక మెయిళ్లకు జవాబు రావడం అదృష్టం.

పరిచయమైనవాళ్లకు ఎప్పుడు రాయాలి?

వారంలోపు. ఏ బొమ్మ దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఒక వాక్యం, వాళ్లు అడిగిన గ్రాఫ్ లేదా అంకె, అంతే. సీవీ జతచేయకండి. పోస్ట్‌డాక్ సంగతి రెండో మూడో ఉత్తరంలో అడగొచ్చు.